తిండి బాగుంది, అయినా అమ్మానాన్నలకి హోటల్ నచ్చలేదు. ఇంకేం కావాలి?

గోదారిగట్టు
పోయిన ఆదివారం నాన్నకి డెబ్బై నిండాయి. ఊరి నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నారు కదా అని హైటెక్ సిటీ వైపు కాస్త పేరున్న రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేశాను. పేరు చెప్పను, అనవసరం. ఐదుగురం వెళ్ళాం, ఏడు వేల ఎనిమిది వందలైంది. వంటకి వంక పెట్టలేం. రొయ్యల ఇగురు అచ్చం ఇంట్లో చేసినట్టే ఉందని అమ్మే అంది. కానీ కారెక్కాక ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి నాన్న మజ్జిగ కలిపించుకుని తాగి పడుకున్నారు.
మంగళవారం బండి సర్వీసింగ్‌కి ఇవ్వడానికి సికింద్రాబాద్ వైపు వెళ్ళి, ఆకలేస్తే పక్కనే ఉన్న ఒక చిన్న మెస్‌లో కూర్చున్నాం, అమ్మా నాన్నా నేనూ. మీల్స్ నూట ఇరవై. పప్పులో ఉప్పు తక్కువ, వేపుడు చల్లారిపోయింది. అయినా గంటసేపు కదల్లేదు. వడ్డించే పెద్దాయనది రావులపాలెం దగ్గర పల్లెటూరట, ఇక చూడండి. ఆ భోజనం గురించి ఇప్పటికీ ఫోన్లలో చుట్టాలకి చెప్తున్నారు.
అంత డబ్బు పెట్టిన చోట రాని సంతోషం ఇక్కడ ఎలా వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు. తిండి సంగతి పక్కన పెట్టి చెప్పండి, హోటల్‌కి వెళ్తే మీకు హాయిగా అనిపించేది దేనివల్ల?

బెజవాడ_బ్రదర్
తిండి పక్కన పెట్టి హోటల్ గురించి చెప్పమంటే నీళ్ళు పక్కన పెట్టి కృష్ణ గురించి చెప్పమన్నట్టుంది. నాకు తిండే ముఖ్యం. గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ కోసం నిలబడమంటే నిలబడతా, కూర్చోమంటే కూర్చుంటా.

పప్పుచారు_ప్రియ
ఊరివాడు కలిశాడు, అంతే. దానికి ఏ రెస్టారెంటూ ఏమీ చేయలేదు.

మాగాణి
ప్రియ గారూ, అంతే అయితే ఆదివారం మూగగా ఎందుకుంటారు? ఊరివాడు కలవకపోతే మనుషులు ముభావంగా అయిపోరు కదా. అక్కడ ఏదో ఇబ్బంది పడ్డారు. గోదారిగట్టు గారూ, అక్కడ పాటలు గట్టిగా పెట్టారా? మీ నాన్నగారికి వినికిడి ఎలా ఉంది?

గోదారిగట్టు
మీరడిగాక గుర్తొస్తోంది. స్పీకరు సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. నాన్న రెండేళ్ళుగా చెవి మిషన్ పెట్టుకుంటున్నారు. మధ్యలో ఒకసారి తీసి జేబులో పెట్టుకున్నారు, ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను.

మాగాణి
అయిపోలేదండీ, భరించలేక తీసేశారు. మా అమ్మకి ఆరేళ్ళుగా ఉంది, నాకు ఇది బాగా తెలుసు. మిషన్ మాటతో పాటు చుట్టూ ఉన్న చప్పుడునీ పెంచుతుంది. ఇప్పటి మిషన్లు కొంత వడపోస్తాయి గానీ పాటలూ, పక్క టేబుల్ నవ్వులూ, గిన్నెల మోతా కలిసి వస్తే వాటికీ చేతకాదు. కొత్త రెస్టారెంట్లలో గచ్చు, గోడలు, అద్దాలు అన్నీ నున్నగా గట్టిగా ఉంటాయి. కర్టెన్ ఉండదు, పైకప్పుకి ఏమీ ఉండదు. చప్పుడు ఎక్కడా ఇంకదు, అటు తగిలి ఇటు వస్తుంది. దానికి తోడు చుట్టూ గోల ఉంటే మనకి తెలియకుండానే మన గొంతు పెంచుతాం. దీనికి లొంబార్డ్ ఎఫెక్ట్ అని పేరు కూడా ఉంది. మనం పెంచితే పక్కవాళ్ళు పెంచుతారు, వాళ్ళు పెంచారని పాటల సౌండ్ పెంచుతారు. మామూలు మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కిక్కిరిసిన హాల్లో ఫోన్‌లో యాప్ పెట్టి చూడండి, 80 దాటడం నేను చాలాసార్లు చూశాను.
పెద్దవాళ్ళు మాట్లాడలేదంటే కోపం అనుకుంటాం. చాలాసార్లు అది వినపడకపోవడం. రెండుసార్లు "ఆఁ?" అని అడిగాక మూడోసారి అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు.

గోదారిగట్టు
ఇది చదివి మనసు బాగోలేదు. మా అబ్బాయి తాతగారిని ఏదో అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడర్థమైంది.

ఇరానీ_చాయ్
గోల అంటున్నారు గానీ, సికింద్రాబాద్‌లో పాత ఇరానీ హోటళ్ళలో గోల తక్కువా? పాలరాతి బల్లలు, నున్నటి గోడలు, కప్పుల టకటక, "దో చాయ్ ఏక్ బన్ మస్కా" అని అరుపు. మా నాన్న పొద్దున ఏడింటికి వెళ్ళి ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుని పేపర్ మొత్తం చదివి తొమ్మిదింటికి వచ్చేవారు. రిటైరయ్యాక పదకొండేళ్ళు అదే బల్ల. అంత చప్పుడు మధ్య మనసు హాయిగా ఉండేదనేవారు. కాబట్టి గోల ఒక్కటే కాదు. "లేవండి" అనేవాడు లేకపోవడం ముఖ్యం అంటాను. ఒక్క చాయ్‌కి రెండు గంటల కుర్చీ ఇచ్చే చోటు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

రెండో_పెరుగన్నం
మనవాళ్ళ గోల అయితే గోల కాదు, అదీ సంగతి. పెళ్ళి పందిట్లో ఎవరైనా సౌండ్ గురించి ఫిర్యాదు చేస్తారా?

మాగాణి
మా అమ్మ చేస్తుంది.

అశోకారోడ్
లేపకపోవడం ముఖ్యం అన్న మాటకి నేను ఒప్పుకోను. ఢిల్లీలో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి తొమ్మిదేళ్ళు వెళ్ళాను. ఆదివారం అయితే కూపన్ తీసుకుని మన వంతు కోసం బయట నిలబడాలి. లోపలికి వెళ్తే ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఒకే బల్ల. సగం తినేసరికి వెనక ఎవరో మన కుర్చీకేసి చూస్తుంటారు. మెనూ అడిగే పని లేదు, కూర్చోగానే స్టీలు పళ్ళెం వచ్చేస్తుంది. అయినా దానంత హాయి నాకు ఢిల్లీలో ఎక్కడా దొరకలేదు. ఎందుకంటే అక్కడ తొందర అందరికీ ఒకటే. పక్కన కూర్చున్నది ఆఫీసరో, పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రాడో తెలియదు, పొడి గిన్నె అందించమంటే అందిస్తాడు. పప్పూ సాంబారూ పట్టుకుని మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంటారు. ఒకసారి పంజాబీ ఆయన నా పక్కన కూర్చుని గోంగూర నేరుగా తినబోతే, వడ్డించే అతను ఆపి అన్నంలో నెయ్యి వేసి కలిపి చూపించాడు. అంత రద్దీలో.

బెజవాడ_బ్రదర్
చూశారా, చివరికి గోంగూర దగ్గరికే వచ్చింది. తిండే.

అశోకారోడ్
గోంగూర నాకు రూమ్‌లో సీసాలో కూడా ఉండేది బ్రదర్. కలిపి చూపించే మనిషే లేడు.

వైజాగ్_మాధవి
ఎవరూ ఒంటరిగా తినే ఆడవాళ్ళ గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నా. నేను మెడికల్ కంపెనీ పని మీద నెలకి పదిహేను రోజులు ఊళ్ళు తిరుగుతాను. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తినని ఊరు లేదు. గుమ్మంలో మొదటి ప్రశ్న "ఒక్కరేనా మేడమ్?" ఆ "ఒక్కరేనా"లోనే నాకు సగం ఆకలి చచ్చిపోతుంది. తర్వాత ఫ్యామిలీ రూమ్ అని ఒక కిటికీ లేని గదిలోనో, చేతులు కడుక్కునే బేసిన్ పక్కన ఉన్న బల్ల దగ్గరో కూర్చోబెడతారు. అందరూ వచ్చి పుక్కిలించి పోతుంటే నేను అన్నం తినాలి. ముందు హాల్లో నాలుగు బల్లలు ఖాళీగా ఉంటాయి, "అవి ఫ్యామిలీస్‌కి మేడమ్" అంటారు.
తణుకులో ఒకచోట మాత్రం ఒక కుర్రాడు ఏమీ అడగకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదుటి కుర్చీ కాస్త వెనక్కి లాగి "బ్యాగు ఇక్కడ పెట్టుకోండక్కా, కింద తడిగా ఉంది" అన్నాడు. ఏం తిన్నానో గుర్తు లేదు. ఆ కుర్చీ గుర్తుంది. ఇప్పుడు ఆ రూట్‌లో వెళ్తే భోజనం టైముకి తణుకు చేరేలా పని సర్దుకుంటాను.

చిట్టితల్లి_అమ్మ
మాధవి గారి పోస్టుకి నా దండాలు. దీనికి తోడు బాత్రూమ్ సంగతి. రెండేళ్ళ పాపతో బయల్దేరితే నేను మెనూ చూడను, ముందు వెళ్ళి బాత్రూమ్ చూసొస్తాను. గొళ్ళెం పడుతుందా, నీళ్ళు వస్తున్నాయా, హ్యాండ్‌బ్యాగ్ తగిలించడానికి ఒక మేకు ఉందా. ఆ మేకు ఉన్న హోటల్ ఓనర్‌కి ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారని అనుకుంటాను.

కెప్టెన్_17
నేను పదిహేడేళ్ళు హోటల్ పనిలో ఉన్నాను, క్లీనర్‌గా చేరి ఇప్పుడు కెప్టెన్, అంటే వడ్డించేవాళ్ళ మీద పెద్ద. పైన రాసినవన్నీ చదివాను. లోపలి సంగతి కొంత చెప్తాను.
శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా మాకు ఊపిరి ఆడదు. ఒక్కో టేబుల్ మీద రెండు బ్యాచ్‌లు కూర్చుంటేనే ఆ రోజు గిట్టుబాటు అని పైవాళ్ళు లెక్క చెప్తారు. అందుకే మీరు చివరి ముద్ద నోట్లో పెట్టేలోపు ప్లేటు తీస్తారు, "ఇంకేమైనా కావాలా సార్" అని బిల్లు బుక్ చేతిలో పట్టుకుని అడుగుతారు. అది తప్పే. నేను మా దగ్గర వడ్డించే పిల్లలకి ఒకటే చెప్తా, టేబుల్ మీద ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరి ప్లేటూ తీయొద్దు. ముందు తిన్నవాళ్ళ ప్లేటు తీసేస్తే నెమ్మదిగా తినే పెద్దావిడ గబగబా మింగేస్తుంది, అందరూ తనకోసమే ఆగారని.
పెద్దవాళ్ళతో వచ్చేటప్పుడు బుక్ చేసే ఫోన్‌లోనే ఆ మాట చెప్పండి. మేం చేతులున్న కుర్చీ వేస్తాం. సోఫా మెత్తగా ఉంటుందని అందులో కూర్చోబెడతారు, అది కిందికి దిగిపోయి వాళ్ళు లేవలేరు. లేవడానికి చేతులు ఆనించే ఆధారం కావాలి. ఏడింటికే వస్తే పాటలు తగ్గించమన్నా తగ్గిస్తాం, తొమ్మిదింటికి తగ్గిస్తే వేరే టేబుల్ వాళ్ళు ఊరుకోరు.
ఇంకోటి. వడ్డించేవాడి ముఖంలో నవ్వు లేదంటారు. పదకొండు గంటలు నిలబడి ఉంటాడు. డ్యూటీకి ముందు కడుపునిండా తిండి పెట్టే హోటల్లో పిల్లలు వేరేగా ఉంటారు. మీకే తేడా తెలుస్తుంది.

గోదారిగట్టు
సోఫా! నాన్న లేచేటప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది, నలుగురూ చూశారు. ఆయనకి అది అస్సలు ఇష్టం ఉండదు.

లెక్కల_మాస్టారు
బిల్లు గురించి ఎవరూ ఎత్తలేదు. ఎంత బాగా తిన్నా చివర్లో సర్వీస్ ఛార్జ్ పది శాతం అని కనిపిస్తే నాకు తిన్నది అరగదు. డబ్బు కోసం కాదు, అడగకుండా వేశారే అని. అందరికీ తెలియాల్సిన విషయం: రెస్టారెంట్ బిల్లు మీద మామూలుగా ఉండేది 5 శాతం జీఎస్టీ, అది ప్రభుత్వానిది, కట్టాలి. సర్వీస్ ఛార్జ్ పన్ను కాదు, హోటల్ తనకోసం వేసుకునేది. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని చెప్పింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను అడిగిన ప్రతిసారీ తీసేశారు, కానీ ఆ అడిగే రెండు నిమిషాల్లో పిల్లలు "వద్దు నాన్నా, పోనీ" అంటూ తల దించుకుంటారు. ఆ సాయంత్రం అక్కడితో పాడు.

కెప్టెన్_17
మాస్టారు చెప్పింది కరెక్టే. ఆ పది శాతం అంతా వడ్డించినవాడికే చేరుతుందని అనుకోకండి. టిప్ ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి.

డాలస్_బాబాయ్
ఇక్కడ మా కథ ఇంకో రకం. టెక్సాస్‌లో టిప్ తీసుకునే ఉద్యోగికి హోటల్ గంటకి 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చి, టిప్‌తో కలిపి కనీస వేతనం దాటితే చాలు. ఆ అంకె 1991 నుంచి మారలేదు. అంటే మనం ఇచ్చే టిప్పే వాళ్ళ జీతం. అది తెలిశాక ఎగ్గొట్టడానికి మనసు రాదు, కానీ బిల్లు కట్టే స్క్రీన్ మనవైపు తిప్పి టిప్ 18, 20, 22 శాతం అని చూపించి పక్కనే నిలబడితే టెన్షనే. మా మామగారు వచ్చినప్పుడు ప్రతి టిప్‌నీ రూపాయల్లోకి మార్చి, "దీంతో మన ఊళ్ళో ఒక బస్తా బియ్యం వస్తుంది" అనేవారు. మూడోసారి నుంచి ముందే ఇంట్లో తిని వచ్చి మాతో కూర్చునేవారు.
ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు తెలుగు హోటళ్ళకి శనివారం వెళ్తే గంట వెయిటింగ్. ఆ గంటే నాకు ఇష్టం అంటే నమ్మండి. గుమ్మం బయట అందరూ తెలుగే, పిల్లలు ఆడుకుంటుంటారు, ఎవరి అమ్మానాన్నలు వచ్చారో, ఎవరు ఇల్లు కొన్నారో అన్నీ అక్కడే తెలుస్తాయి. లోపల పులావ్ ఎలా ఉన్నా పర్లేదు.

బెజవాడ_బ్రదర్
పులావ్ ఎలా ఉన్నా పర్లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి బాబాయ్.

కాకినాడ_కాజా
వడ్డన గురించి చెప్పాలంటే మా కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ గురించి చెప్పాలి. అరిటాకు, వరసగా వచ్చే కూరలు, అన్నీ సరే. చేతిలో గిన్నెతో వచ్చి "ఇంకొంచెం వేసుకోండి, మీరేం తినలేదు" అని కొసరి కొసరి వేస్తారు చూడండి, పెళ్ళిలో మేనమామ వేసినట్టుంటుంది. డబ్బులిచ్చి తింటున్నామన్న సంగతే గుర్తుండదు.

పప్పుచారు_ప్రియ
నాకు అది నచ్చదు. మా నాన్నకి షుగర్. వద్దు అంటే వద్దనే. "ఒక్క బూరె తినండి, ఏం కాదు" అని ఆకులో వేసేస్తే, ఆకులో పడింది వదిలేయడం ఆయనకి చేతకాదు. ఒక హోటల్లో అలాగే జరిగి రాత్రి మూడొందలు దాటింది. వడ్డించేవాళ్ళది ప్రేమే, కాదనను. కానీ "వద్దు" అన్న మాట వినడం కూడా మర్యాదే.

కాకినాడ_కాజా
అది నిజమే ప్రియ గారూ. చెయ్యి అడ్డం పెడితే ఆగాలి. ఆగనివాడు వడ్డించడం నేర్చుకోలేదనే అంటాను.

ఇరానీ_చాయ్
మీ అందరివీ చదువుతుంటే ఒకటి అనిపిస్తోంది. గోదారిగట్టు గారూ, ఆదివారం ఆర్డర్ ఎవరిచ్చారు? మంగళవారం ఎవరిచ్చారు?

గోదారిగట్టు
ఆదివారం నేనే. అక్కడ కాగితం మెనూ లేదు, బల్ల మీద క్యూఆర్ కోడ్. నాన్న ఫోన్‌లో అది తెరుచుకోలేదు, లైట్లు కూడా మసకగా ఉన్నాయి. నేనే నా ఫోన్‌లో చూసి అందరికీ చెప్పేశాను. మెస్‌లో మెనూ ఏముంటుంది, పెద్దాయన వచ్చి ఇవాళ ఏమున్నాయో ఒక్క గుక్కలో చెప్పాడు, నాన్నే "మాకు మూడు మీల్స్, మా అబ్బాయికి ఆమ్లెట్" అన్నారు. నాకు ఆమ్లెట్ కావాలని నేను చెప్పలేదు. చిన్నప్పుడు తినేవాణ్ణి.

ఇరానీ_చాయ్
బిల్లు?

గోదారిగట్టు
ఆదివారం నేను. బుక్ తెరిచినప్పుడు నాన్న అంకె చూశారు, ఏమీ అనలేదు. మంగళవారం నేను పర్సు తీసేలోపు ఆయన గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇరానీ_చాయ్
నాకు అక్కడే కనిపిస్తోంది. మీ చిన్నప్పుడు మిమ్మల్ని హోటల్‌కి తీసుకెళ్ళింది ఆయన. ఏం తినాలో అడిగింది, సర్వర్‌ని పిలిచింది, జేబులోంచి తీసి ఇచ్చింది ఆయన. ఆదివారం ఆయన పుట్టినరోజే గానీ, మెనూ చదవలేక, మాట వినపడక, లేవలేక, బిల్లు కట్టలేక కూర్చున్నారు. మెస్‌లో మళ్ళీ ఇంటి పెద్ద అయ్యారు. మా నాన్న కూడా అంతే. చివరి రోజుల్లో ఆయన చాయ్‌కి నేను డబ్బులిస్తే ముఖం చిన్నబుచ్చుకునేవారు. తర్వాత ముందే హోటల్ వాళ్ళకి నేను ఇచ్చి ఉంచేవాణ్ణి, ఆయన ఇచ్చిన నోటు వాళ్ళు తీసుకుని మర్నాడు నాకు ఇచ్చేసేవారు. ఎవరూ ఎప్పుడూ ఆయనకి చెప్పలేదు.

వైజాగ్_మాధవి
ఈ పోస్టు చదివి బస్సులో కళ్ళు తుడుచుకుంటున్నా.

లెక్కల_మాస్టారు
ఆ హోటల్ వాళ్ళకి నమస్కారం.

కెప్టెన్_17
మాకు కొందరు ఫోన్‌లో ముందే చెప్తారు, "బిల్లు నాన్నగారి ముందు పెట్టండి, ఆయన ఇచ్చింది తీసుకోండి, మిగతాది నేను చూసుకుంటా" అని. అడగడానికి సిగ్గు పడకండి, ఏ కెప్టెనైనా చేస్తాడు. కాగితం మెనూ కూడా అడగండి, కౌంటర్ సొరుగులో ఒకటైనా ఉంటుంది.

గోదారిగట్టు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న గురువారం మధ్యాహ్నం మళ్ళీ తీసుకెళ్ళాను, వేరే చోటికి. కెప్టెన్ గారు చెప్పినట్టు ముందు రోజే ఫోన్ చేశాను. గోడ వారగా టేబుల్, చేతులున్న కుర్చీలు, స్పీకరు దూరంగా. పన్నెండింటికే వెళ్ళాం కాబట్టి సగం హాలు ఖాళీ. కాగితం మెనూ అడిగితే ఇచ్చారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి ప్రతి ఐటమూ ధరతో సహా పైకి చదివారు, ఇరవై నిమిషాలు పట్టింది. ఆర్డర్ తీసుకునే అమ్మాయి రెండుసార్లు వచ్చి నవ్వి వెళ్ళింది తప్ప తొందర పెట్టలేదు. మా అబ్బాయి తాతగారి పక్కన కూర్చుని, ఆయన హైస్కూల్‌కి పడవ మీద వెళ్ళే రోజుల గురించి అడుగుతూనే ఉన్నాడు. మిషన్ చెవిలోనే ఉంది.
బిల్లు ఆయనే ఇచ్చారు, రెండు వేల నూట డెబ్బై. నేను ముందే చెప్పి ఉంచలేదు, ఆయన దగ్గర ఎంత ఉందో నాకు తెలుసు కాబట్టి దానికి తగ్గ చోటే చూశాను. టిప్ కూడా ఆయనే, ఆ అమ్మాయిని పిలిచి ఊరేదో కనుక్కుని మరీ చేతికి ఇచ్చారు.

బెజవాడ_బ్రదర్
చాలా సంతోషం. మరి తిండి?

గోదారిగట్టు
చేపల పులుసులో పులుపు ఎక్కువైందని అమ్మ అంది. నాన్న రెండోసారి వేయించుకున్నారు. కారులో వస్తుంటే, వచ్చే మంగళవారం ఆ మెస్‌లో రావులపాలెం ఆయన డ్యూటీలో ఉంటాడో లేదో కనుక్కోమన్నారు.

డాలస్_బాబాయ్
ఆ మెస్ గుర్తులు కాస్త చెప్పండి. సంక్రాంతికి వస్తున్నాం, మామగారిని తీసుకెళ్తాను.

గోదారిగట్టు
విడిగా మెసేజ్ పెట్టాను బాబాయ్. ఉప్పు కాస్త అడిగి వేయించుకోండి.